ఆసరా

బాలరాట్‌లో అక్టోబరు, బుధవారం, సన్న జల్లు.
ఆసుపత్రి ఎముకల గదిలో
ఆఖరి కంప్యూటర్ ముందు కూర్చున్నాను.
రెండు వందల పన్నెండింట్లో రెండు వందల పదకొండు
ఈ ఏడాది కొత్త బట్టలు కట్టుకున్నాయి.
ఇదొక్కటే మొండికేసింది.
మొండితనం దానిది కాదు పాపం,
పక్కనున్న స్కానర్‌ది.
దాని భాష దీనికొక్కదానికే వచ్చు.
కొత్త స్కానర్ లక్షా నలభై వేల డాలర్లంటే
లెక్కలవాళ్ళు కాగితం తిప్పి పంపారు.

తెర మీద నోటీసు.
మొన్నొకసారి సరదాకి తెలుగులోకి మార్చి చూశాను:
మద్దతు ముగిసింది, అంది.
ఎక్కడో ప్రభుత్వం పడిపోతున్నట్టు,
ఎమ్మెల్యేలు రాత్రికి రాత్రి బస్సెక్కినట్టు!
నాకు తెలిసిన మాట ఆసరా.
పందిరికి గుంజ ఇచ్చేది,
సొరపాదుకి పురికొస ఇచ్చేది.
అది ముగియదు.
ఒకరోజు చూస్తే ఉండదు.

పదేళ్ళు, నెలకో బుధవారం తెల్లారేసరికి
ఇంకా మంగళవారంలోనే ఉన్న ఏదో ఊరి నుంచి
ఎవరో వేసిన మాసికలు వచ్చేవి.
కుట్టాకే తెలిసేది, అక్కడ చిరుగుందని.
తిట్టుకునేవాళ్ళం కూడా,
మనిషి బల్ల మీద పడుకుని ఉండగా
రీస్టార్ట్ చెయ్యమంటుందేమిటని.
ఈ తెల్లవారుజామున వచ్చింది ఆఖరిది.
చిన్నదే.
నాలుగు నిమిషాల్లో కుట్టేసి
పంటితో దారం కొరికేసి వెళ్ళిపోయింది.

గ్లెనిస్ వచ్చింది హెల్మెట్ తియ్యకుండానే.
దాని మీద ముళ్ళపందిలా ప్లాస్టిక్ టైలు.
మ్యాగ్‌పైలు పిల్లల్ని పెట్టే కాలం,
సైకిలు మీద వెళ్ళేవాళ్ళని నెత్తిన పొడుస్తాయి.
ఆ టైలు నా సంచీలోవే, వైర్లు కట్టేవి.
"చంపేస్తున్నావా దీన్ని?"
లేదు, వెలేస్తున్నాను.
ఆమెతో ఇంగ్లిషులో ఏమన్నానో గుర్తులేదు గానీ
నా లోపల పడ్డ మాట అదే.
ఎవరితోనూ పొత్తు లేనిదానికి
ఎవరి జబ్బూ అంటదని.

బల్ల మీద ట్రెజైజ్ గారు.
ఎనభై ఒకటి. బంగాళాదుంపలు పండించిన చేతులు.
మా మాటలన్నీ విన్నాడు.
"రేపట్నుంచి ఏం పనిచెయ్యదు?"
"అన్నీ పనిచేస్తాయి."
"మరి?"
"ఎవరూ చూడరు. అంతే."
కప్పుకేసి చూస్తూ కాసేపు ఊరుకున్నాడు.
"మోకాళ్ళ కింద ఈ దిండు మరీ గట్టిగా ఉంది," అన్నాడు.

స్కానర్ చెయ్యి ఆయన మీదుగా
చాలు తప్పకుండా కదిలింది.
తెర మీద వెన్నెముక పూస పూసగా తేలింది,
నడుము దగ్గర
ఉతికి ఉతికి పలచబడ్డ పంచెలా.
ఎవరి ఎముక ఎంత తరిగిందో
రెండో దశాంశం దాకా చెబుతుంది ఇప్పటికీ.
ఈసారీ తడుముకోలేదు.

ఆయన లేచి, బెల్టు పెట్టుకుని,
వెళ్తూ వెళ్తూ మానిటర్ నెత్తి మీద
రెండుసార్లు తట్టాడు, గొడ్డుని తట్టినట్టు.

బల్ల కిందికి దూరి నీలం వైరు పట్టుకున్నాను.
లాగక్కర్లేకపోయింది.
దాని ప్లాస్టిక్ నాలుక ఎప్పుడో విరిగింది.
ఇన్నాళ్ళూ పట్టు లేకుండా
ఊరికే ఆనుకుని ఉంది.

ఇకనుంచి అంకెలు కాగితమెక్కి
గ్లెనిస్ కాళ్ళ మీద వెళ్ళాలి,
వరండా దాటి, వానలో పార్కింగ్ దాటి, రెండో బిల్డింగుకి.
ఇంకో సంగతి ఆమెకి చెప్పాను:
వైరు లేకపోతే గడియారం తప్పుతుంది,
నెలకి ఒక నిమిషమో, రెండో.
తారీఖు తప్పితే ఎముకల లెక్క తప్పుతుంది.
నెలకో బుధవారం వచ్చి సరిచేసి పోతానన్నాను.
నా పనుల పట్టీలో అలాంటి పని లేదు.

సరేనంది.
హెల్మెట్ బిగించుకుంటూ
ఇంకో నాలుగు టైలుంటే ఇమ్మంది.